రాయలసీమ ఎండలో గోల్ఫ్ క్లబ్బుకు ఎపాక్సీ: ఏది కొనాలి, ఎలా పట్టించాలి

అనంతపురం, కర్నూలు వైపు గోల్ఫ్ ఆడేవాళ్లు తక్కువే గానీ, వాళ్ల క్లబ్బులు మాత్రం బాగా ప్రయాణం చేస్తాయి. ఎన్‌హెచ్ 44 ఎక్కితే ఇటు బెంగళూరు, అటు హైదరాబాదు. ఆట పొద్దున మూడు నాలుగు గంటలే, మిగతా రోజంతా కిట్ బ్యాగు కారు డిక్కీలోనే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ నీడపట్టునే 40 నుంచి 43 డిగ్రీలు. ఎండలో నిలిపిన కారు లోపల ఇంకో 20 డిగ్రీలు కలుపుకోవాలి. క్లబ్బులో బంతిని కొట్టే హెడ్‌ను షాఫ్ట్ అనే పొడవాటి గొట్టపు కాడకు అతికించి ఉంచేది ఎపాక్సీ, అంటే రెసిన్, హార్డెనర్ అనే రెండు భాగాలు కలిపి వాడే జిగురు. హెడ్ ఊడి ఎగిరిపోవడం, ఐరన్ (లోహపు పలక లాంటి హెడ్ ఉన్న క్లబ్బు) ముఖం, అంటే బంతిని తాకే వైపు, కొద్దికొద్దిగా పక్కకు తిరగడం, ఫెరూల్ (హెడ్‌కు పైన షాఫ్ట్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ కట్టు) పైకి జరగడం వంటి జబ్బులు చాలావరకు ఈ వేడి దగ్గరే మొదలవుతాయి.

ఎపాక్సీ డబ్బా మీద అచ్చువేసిన నిమిషాలు, గంటలు అన్నీ 23 నుంచి 25 డిగ్రీల గదిని దృష్టిలో పెట్టుకొని రాసినవి. రేకుల షెడ్డులో మధ్యాహ్నం రెండు గంటలకు ఆ లెక్కలేవీ నిలవవు. అలాగని ఎండ పూర్తిగా శత్రువేమీ కాదు. ఎపాక్సీ పట్టుకోకముందు తగిలే వేడి పని చెడగొడుతుంది, పట్టుకున్న తర్వాత కొలిచి ఇచ్చిన వేడి దానికి బలం పెంచుతుంది. ఆ క్రమం తెలిస్తే ఖరీదైన డబ్బా కోసం వెతకాల్సిన పని చాలావరకు తప్పుతుంది.

ముందు ఒక లెక్క. డ్రైవర్ (దూరం కొట్టడానికి వాడే పెద్ద హెడ్ క్లబ్బు) హెడ్ బరువు సుమారు 200 గ్రాములు. అది గంటకు 160 కి.మీ. వేగంతో తిరుగుతున్నప్పుడు షాఫ్ట్ నుంచి బయటికి లాగే బలం 30, 40 కిలోల బరువు వేలాడదీసినంత. షాఫ్ట్ కొన మందం 8.5 మి.మీ., హోసెల్లోకి, అంటే షాఫ్ట్‌ను పట్టుకునే హెడ్ మెడ రంధ్రంలోకి, దిగే లోతు 30 మి.మీ. అనుకుంటే అతుకు విస్తీర్ణం 800 చదరపు మి.మీ. వస్తుంది. గరుకు పెట్టి శుభ్రం చేసిన లోహం మీద మంచి ఎపాక్సీ చదరపు మి.మీ.కు 15 న్యూటన్ల కోత బలాన్ని (అతుకును జారేలా లాగే బలాన్ని) సులువుగా ఓర్చుకుంటుంది. మొత్తం 12,000 న్యూటన్లు, అంటే టన్నుకు పైమాటే. అవసరానికి ముప్పై రెట్లు ఎక్కువ. కాబట్టి డబ్బా మీద రాసిన బలం అంకె చూసి ఎంచుకోవడంలో పెద్ద అర్థం లేదు. హెడ్ ఊడిందంటే ఆ 800 చదరపు మి.మీ.లో అసలు పట్టుకున్నది కొంచెమే అయి ఉండాలి, లేదా ఎపాక్సీ సరిగా కలిసి ఉండదు, లేదా వేడికి మెత్తబడి ఉంటుంది. బంతి ముఖం మధ్యలో కాక కొనకు తగిలినప్పుడు హెడ్ షాఫ్ట్ చుట్టూ తిరగాలని చూస్తుంది. బలహీనపడిన అతుకు ముందుగా లొంగేది ఆ మెలికకూ, దెబ్బ అదురుకూ.

వేడికి మెత్తబడే హద్దును డేటాషీట్లలో, అంటే తయారీదారు ఇచ్చే వివరాల కాగితాల్లో, టీజీ అని రాస్తారు. దాని కింద ఎపాక్సీ గట్టిగా నిలుస్తుంది, దాటాక సాగడం మొదలుపెట్టి బలంలో చాలా భాగం పోగొట్టుకుంటుంది. గది వేడిలోనే పట్టే రకాల్లో ఈ హద్దు మామూలుగా 45 నుంచి 60 డిగ్రీల మధ్య ఉంటుంది. మే నెల డిక్కీ వేడి సరిగ్గా ఆ మధ్యలోనో, దాటో పడుతుంది. చల్లారగానే బలం తిరిగొస్తుంది గానీ, మెత్తగా ఉన్నప్పుడు బ్యాగులో పక్క క్లబ్బుల బరువు హెడ్‌ను నొక్కి ఉంటే ముఖం తిరిగిన కోణం అలాగే ఉండిపోతుంది. కారు దిగీ దిగగానే వేడి డ్రైవర్‌తో బలంగా కొట్టకూడదనేదీ ఇందుకే. బ్యాగును నీడలో ఓ ఇరవై నిమిషాలు నిలబెట్టి ఆడితే చాలు.

అంగడిలో దొరికేవి

"అన్నా, ఫెవిక్విక్ ఏస్తే సాలదా?" అనేది ప్రతి షెడ్డులోనూ వినబడే ప్రశ్న. చాలదు. సయనోఅక్రిలేట్ జిగురు సందు నింపలేదు, దెబ్బ అదురుకు పెళుసుగా విరిగిపోతుంది. ఫెరూల్ కదలకుండా ఒక చుక్క వేయడానికైతే పనికొస్తుంది, హెడ్‌కు వద్దు. ఎం-సీల్ ముద్ద పైపుల లీకులకు మంచిదే గానీ, 0.1 మి.మీ. సందులోకి అది పారదు.

మిగిలినవి రెండు ట్యూబుల ఎపాక్సీలు. అయిదు నిమిషాల్లో పట్టేవి, గంటల తరబడి తీసుకునేవి. అయిదు నిమిషాల రకాల్లో మామూలుగా మెర్కాప్టాన్ జాతి హార్డెనర్ ఉంటుంది. వేగం బాగుంటుంది, వేడికీ తేమకూ ఓర్పు తక్కువ. పైగా 10 డిగ్రీలు పెరిగితే రసాయన వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. 25 దగ్గర అయిదు నిమిషాలు ఆగేది 40 దగ్గర రెండు నిమిషాలు కూడా ఆగదు. కలపడానికే ఒక నిమిషం పోతే, షాఫ్ట్‌కు పూసి, హోసెల్ లోపల పూసి, ఫెరూల్ తోసి, ముఖం సరిచూసుకునే వ్యవధి ఎక్కడిది? చిక్కబడుతున్న ఎపాక్సీతో తోసిన షాఫ్ట్ పైకి చూడటానికి పట్టినట్టే ఉంటుంది. లోపల మాత్రం అది లోహాన్ని తడపదు.

అందుకని నిదానంగా పట్టేదే కొనాలి. గోల్ఫ్ షాఫ్ట్ కోసమే అమ్మే 24 గంటల ఎపాక్సీలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. వాటిలో చాలావరకు దెబ్బకు ఓర్చుకునేలా రబ్బరు గుణం కలిపినవే. డ్రైవర్లకు అవి వాడటం మేలు. ఐరన్లకు మన హార్డ్‌వేర్ అంగళ్లలో దొరికే నిదానం రకం అరాల్డైట్ సరిపోతుంది, కింద చెప్పబోయే వేడి పని చేస్తేనే. డేటాషీట్ చదివే ఓపిక ఉంటే మూడే చూడండి: కలిపే నిష్పత్తి తూకంలో ఎంత, పరిమాణంలో ఎంత, వేడిలో పట్టించాక టీజీ ఎంత.

పాత హెడ్ తీయడం, తీసినదాన్ని చదవడం

స్టీల్ షాఫ్ట్ ఐరన్ అయితే పని సులువు. గ్రిప్పు వైపు షాఫ్ట్‌కు పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టి వైసులో బిగించండి. ఫెరూల్ ప్లాస్టిక్ కాబట్టి ముందే కత్తితో చీల్చి తీసేయాలి, లేకపోతే కరిగి పొగ పెడుతుంది. హీట్ గన్ గాలిని హోసెల్ చుట్టూ రెండు మూడు నిమిషాలు తిప్పుతూ చూపించాలి. 100 డిగ్రీలు దాటాక మామూలు ఎపాక్సీ పట్టు వదలడం మొదలవుతుంది, ఫ్యాక్టరీలో వేసినదానికి ఇంకొంచెం కావచ్చు. మందపాటి తోలు గ్లవుజు వేసుకొని హెడ్‌ను మెలితిప్పుతూ లాగితే వస్తుంది. గ్యాసు టార్చి వాడేవాళ్లు మంటను ఒకే చోట ఆపితే క్రోమ్ పూత నీలిరంగు తిరిగి పాడవుతుంది. టైటానియం డ్రైవర్లకూ, రంగు వేసిన హెడ్లకూ, అల్యూమినియం స్లీవ్ (షాఫ్ట్ కొనకు తొడిగే గొట్టం) ఉన్నవాటికీ టార్చి అసలు చూపించొద్దు.

గ్రాఫైట్, అంటే కార్బన్ పోగుల షాఫ్ట్‌తో జాగ్రత్త వేరు. దాని పోగులను కలిపి ఉంచేదీ ఒక రకం ఎపాక్సీయే. ఫ్యాక్టరీలో ఎక్కువ వేడిలో పట్టించినది కాబట్టి మన అతుకు కన్నా కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది, ఆ కాస్తలోనే మన పని పూర్తి కావాలి. మెలితిప్పితే లోపలి పొరలు విడిపోతాయి. నేరుగా లాగే పుల్లర్ లేకుండా గ్రాఫైట్ జోలికి పోవద్దు. పుల్లర్ బిగించి కొద్దిగా ఒత్తిడి పెట్టి, హోసెల్‌ను ఒక నిమిషం వేడిచేసి ఆగాలి. రాకపోతే మళ్లీ అర నిమిషం. వేడి పెంచుకుంటూ పోకుండా సమయం ఇవ్వాలి. బయటికి వచ్చాక కొనను గోటితో నొక్కి చూడండి. పోగులు విచ్చుకున్నా, నల్లటి పొడి రాలినా ఆ కొన అయిపోయినట్టే.

ఊడిన హెడ్ చేతికొస్తే తుడిచేయకముందు రెండు ముఖాలూ వెలుతురులో చూడాలి. జబ్బు పేరు అక్కడే రాసి ఉంటుంది. షాఫ్ట్ కొన మెరుస్తూ శుభ్రంగా బయటికొచ్చి, ఎపాక్సీ అంతా హోసెల్‌లో మిగిలిందంటే షాఫ్ట్‌కు క్రోమ్ తీయలేదు, లేదా నూనె చేతితో పట్టుకున్నారు. ఎపాక్సీ మొత్తం షాఫ్ట్‌తో పాటు వచ్చి హోసెల్ గోడ తేటగా ఉంటే లోపలి తుప్పు, పాత జిగురు గీకకుండానే అతికించారు. రెండువైపులా సమానంగా చీలి మిగిలితే అతుకు బాగానే పట్టింది, ఎపాక్సీయే తెగింది. అంటే వేడి గానీ, కలపడంలో లోపం గానీ కారణం. గోరు దిగేంత మెత్తగా ఉంటే నిష్పత్తి తప్పింది. ఒక వైపు పెద్ద బుడగల గుంటలు ఉంటే గాలి చిక్కుకుంది, లేదా ఎపాక్సీ షాఫ్ట్‌కు మాత్రమే పూసి హోసెల్‌కు పూయలేదు. అడుగున ఎర్రటి తుప్పు నీళ్ల మరక ఉంటే ఫెరూల్ కింది నుంచి నీరు దిగుతోంది. బక్కెట్లో క్లబ్బులు ముంచి కడిగే అలవాటు ఉన్న బ్యాగుల్లో ఇది వెతకండి.

పూర్తిగా ఊడకముందే తెలిసే గుర్తులు కూడా ఉన్నాయి. కొట్టినప్పుడు టక్కుమని చిన్న చప్పుడు, ఫెరూల్‌కూ హోసెల్‌కూ మధ్య ఒక మి.మీ. సందు. సందు ఒక్కటే కనిపిస్తే కంగారు అక్కర్లేదు, చాలాసార్లు ఫెరూల్ మాత్రమే జరిగి ఉంటుంది. అనుమానం తీరాలంటే షాఫ్ట్ మీదా హోసెల్ మీదా మాస్కింగ్ టేపు అంటించి, రెండింటి మీదుగా ఒకే గీత గీసి, పది బంతులు కొట్టి చూడాలి. గీత విరిగిందంటే ఆ క్లబ్బు మళ్లీ ఎత్తొద్దు.

గరుకు, శుభ్రం, సందు

స్టీల్ షాఫ్ట్ కొనకు 80 లేదా 100 నంబరు ఎమరీ పేపరు పట్టి, క్రోమ్ మెరుపు మొత్తం పోయి బూడిద రంగు తేలేదాకా రుద్దాలి. పైపైన గీతలు పడితే చాలనుకోవద్దు. ఎపాక్సీ క్రోమ్‌ను పట్టుకుంటుంది, క్రోమ్ షాఫ్ట్‌ను వదిలేస్తుంది. గ్రాఫైట్‌కు రంగూ, పైన ఉన్న మెరుపు పూతా మాత్రమే తీయాలి. కత్తి అంచును నిలువుగా పెట్టి గీకి, తర్వాత 150 నంబరు పేపరుతో నెమ్మదిగా. పేపరు మీద నల్లటి పొడి కనబడగానే ఆపేయాలి, అది పోగు తెగుతున్న గుర్తు. ఎంత లోతు దిగుతుందో పుల్లతో కొలిచి, ఫెరూల్ కప్పే చోటు కన్నా పైకి గరుకు పోకుండా టేపు చుట్టుకోండి.

హోసెల్ లోపలికి డ్రిల్లు మీద వైరు బ్రష్, అది లేకపోతే గుండ్రటి ఆకురాయి. అడుగున మిగిలిన పాత జిగురు ముక్క ఒక్కటి చాలు, షాఫ్ట్ 2 మి.మీ. పైన నిలిచిపోతుంది. తర్వాత అసిటోన్‌తో తుడవాలి. మామూలు పెయింట్ థిన్నర్ ఆరాక సన్నటి పొర వదలొచ్చు, నెయిల్ పాలిష్ రిమూవర్‌లో నూనె, సువాసన కలుపుతారు. రెండూ వద్దు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అయితే ఫరవాలేదు. తుడిచాక ఆ కొనను వేలితో ముట్టుకోకూడదు. మే నెలలో చేతి చెమటే సగం అతుకులు చెడగొడుతుంది. అసిటోన్ సీసా, హీట్ గన్ ఒకే బల్ల మీద ఉండకూడదు. దాని ఆవిరి క్షణంలో అంటుకుంటుంది.

సందు విషయానికొస్తే, షాఫ్ట్ చుట్టూ ఒక్కోవైపు 0.1 మి.మీ. దాకా ఉంటే బాగు. షాఫ్ట్ కొనలు అంగుళాల్లో కొలుస్తారు. వుడ్లకు (డ్రైవర్ లాంటి పెద్ద హెడ్ క్లబ్బులకు) 0.335, 0.350, ఐరన్లకు 0.355, 0.370. మి.మీ.లలో 8.5, 8.9, 9.0, 9.4. 0.370 రంధ్రంలో 0.355 షాఫ్ట్ దించితే ఒక్కోవైపు దాదాపు 0.2 మి.మీ. ఖాళీ వస్తుంది. దాన్ని ఎపాక్సీతోనే నింపాలని చూడొద్దు. షాఫ్ట్ ఒక పక్కకు ఒరిగి ముఖం కోణం మారుతుంది, మందపాటి పొర దెబ్బకు త్వరగా పగులుతుంది. ఇత్తడి షిమ్ (సందు నింపే పలుచటి రేకు) వేయండి. చిన్న సందులకు షాఫ్టింగ్ బీడ్స్ అనే సన్నటి గాజు పూసల పొడి ఎపాక్సీలో చిటికెడు కలిపితే షాఫ్ట్ మధ్యలో నిలుస్తుంది. దాని బదులు ఇసుక వేయాలని కొందరికి బుద్ధి పుడుతుంది. పదునైన ఇసుక గింజ గ్రాఫైట్‌ను కోస్తుంది, స్టీల్‌ను ఇరికిస్తుంది.

కలపడం

ఫైబర్ రెసిన్‌తో కూలర్లు, ట్యాంకులు చేసేవాళ్లకు ఒక అలవాటు ఉంది. త్వరగా పట్టాలంటే హార్డెనర్ రెండు చుక్కలు ఎక్కువ, నిదానంగా కావాలంటే తక్కువ. అది పాలియెస్టర్ రెసిన్‌కు సరే, అక్కడ వేసేది చర్యను మొదలుపెట్టే మందు మాత్రమే. ఎపాక్సీలో హార్డెనర్ కూడా సరుకులో భాగమే, రెసిన్‌తో కలిసి గొలుసు కట్టేదే. ఎక్కువైతే జిగటగా, మెత్తగా మిగిలి టీజీ పడిపోతుంది. తక్కువైతే పట్టని రెసిన్ లోపల అలాగే ఉండిపోతుంది. వేగం పెంచాలంటే వేడి ఇవ్వాలి గానీ నిష్పత్తిని ముట్టుకోకూడదు.

కంటిచూపుతో రెండు గీతలు సమానంగా పిండుకోవడం 20 గ్రాములు కలిపేటప్పుడు చెల్లుతుంది. 4 గ్రాములకు చెల్లదు. బంగారం తూచే చిన్న పాకెట్ తూకం 0.01 గ్రాము దాకా చూపిస్తుంది. ప్రొద్దుటూరు లాంటి బంగారం అంగళ్ల ఊళ్లో దానికి వెతుకులాటే ఉండదు. ఒక్క మాట గుర్తుంచుకోవాలి: పరిమాణంలో 1:1 అంటే తూకంలో 1:1 కాదు. అరాల్డైట్‌లో ఏడబ్ల్యూ 106 రెసిన్, హెచ్‌వీ 953 హార్డెనర్ జతనే తీసుకుంటే పరిమాణంలో సమానమే గానీ, తూకంలో 100కు 80. అంటే 2.5 గ్రాముల రెసిన్‌కు 2 గ్రాముల హార్డెనర్. మీరు కొన్నదానికి దాని డేటాషీట్ నిష్పత్తే వాడండి.

ఎంత కలపాలి? అతుకు సందులో నిజంగా మిగిలేది పావు గ్రాము కూడా ఉండదు. పూతకు, బయటికి వచ్చేదానికి, పుల్లకు అంటుకునేదానికి కలిపి క్లబ్బుకు ఒక గ్రాము నుంచి ఒకటిన్నర గ్రాము లెక్క వేసుకోవచ్చు. ఎండకాలంలో సెట్టు మొత్తానికి ఒకేసారి కలపొద్దు. మూడు క్లబ్బులకు ఒక కలుపు చాలు. ఎపాక్సీ పట్టేటప్పుడు తనే వేడి పుట్టిస్తుంది, కుప్పగా ఉంటే ఆ వేడి బయటికి పోలేక ఇంకా వేగంగా పడుతుంది. లోతైన మూతలో కలిపినది పొగలు కక్కితే, అదే పరిమాణం పలుచగా పరిచినప్పుడు రెట్టింపు సేపు ఆగుతుంది. మనకు ఇక్కడ చేతికందే మంచి పనిముట్టు నీడలో ఉన్న కడప బండ. దాని మీద పాలిథీన్ షీటు పరిచి, ఎపాక్సీని పలుచగా విస్తరించి కలిపితే బండ వేడిని లాగేస్తుంది. కలపడం ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు, పుల్లతో అంచులు గీకి మధ్యకు తెస్తూ. వడివడిగా చిలికితే నురగ పడుతుంది. ఎత్తి చూస్తే బెల్లం పాకంలా తీగ సాగుతోందంటే దాని పని అయిపోయింది, పారేసి కొత్తది కలుపుకోండి. అసిటోన్ పోసి పలుచన చేయడం మాత్రం వద్దు. అది ఆవిరి కావడానికి ఆ మూసిన రంధ్రంలో దారి లేదు, లోపలే ఉండి అతుకును మెత్తగా ఉంచేస్తుంది.

ఎండకాలంలో ఈ పని తెల్లవారుజామున, షెడ్డు 30 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు పెట్టుకుంటే సగం బాధ తగ్గుతుంది.

దించడం, పట్టించడం

ఫెరూల్ ముందుగా షాఫ్ట్ మీదికి తోసి స్థానంలో పెట్టుకోవాలి. బిగువుగా ఉంటే ఒక నిమిషం వేడినీళ్లలో వేసి, తుడిచి ఎక్కించండి. షాఫ్ట్ కొనకు పలుచటి పూత, చెవి పుల్ల కాడతో హోసెల్ గోడకు పలుచటి పూత. హోసెల్ అడుగున కుప్ప పోయొద్దు. అది బోలు షాఫ్ట్‌లోకి ఎక్కి గట్టిపడి, తర్వాత ఊడి గలగలలాడుతుంది. షాఫ్ట్‌ను తిప్పుతూ సగం దించి, కొంచెం వెనక్కి లాగి, మళ్లీ తిప్పుతూ అడుగు దాకా దించాలి. అలా చేస్తే రెండు గోడలూ తడుస్తాయి, గాలి బయటికి వస్తుంది. తర్వాత హెడ్ పైకి ఉండేలా పట్టుకొని, షాఫ్ట్ మొదలును (గ్రిప్పు వైపు కొనను) చెక్క మీద నాలుగుసార్లు తట్టండి. హెడ్ బరువే దాన్ని కిందికి కూర్చోబెడుతుంది.

చిక్కుకున్న గాలి ఇంకో తంటా తెస్తుంది. షెడ్డు వేడెక్కిన కొద్దీ ఆ గాలి వ్యాకోచించి షాఫ్ట్‌ను ఒకటి రెండు మి.మీ. పైకి తోస్తుంది. పొద్దున సరిగా కూర్చున్న హెడ్ సాయంత్రానికి లేచి ఉంటుంది. అందుకే హెడ్ పట్టేదాకా గ్రిప్పు వేయకూడదు, షాఫ్ట్ మొదలు తెరిచే ఉండాలి. హోసెల్‌కూ షాఫ్ట్‌కూ కలిపి మాస్కింగ్ టేపు నిలువుగా లాగి అంటించి, గంట తర్వాత ఒకసారి చూసి ఫెరూల్‌ను వేలితో నొక్కండి. బయటికి వచ్చిన ఎపాక్సీని అప్పుడే ఆల్కహాల్ గుడ్డతో తుడిచేయాలి, మర్నాడు గీకాల్సి వస్తే ఫెరూల్ మీద గీతలు తప్పవు. ముఖం సరిచూసుకొని, హెడ్ కిందికి, షాఫ్ట్ పైకి ఉండేలా గోడకు ఆనించాలి.

మొదటి 24 గంటలు నీడ. ఎండకు పెట్టాలనే తొందర ఇక్కడే కొంప ముంచుతుంది. పట్టని ఎపాక్సీకి వేడి తగిలితే ముందు నీళ్లలా పలుచబడి కిందికి కారిపోతుంది, పైభాగం ఖాళీ అవుతుంది. నిదానం రకాలు మన వేసవి నీడలో ఏడెనిమిది గంటల్లో చేతికి గట్టిగానే తగులుతాయి. అప్పుడే ఆటకు తీసుకుపోతే మాత్రం మొదటి దెబ్బకే అతుకు చెదరొచ్చు.

రెండో రోజు వేడి పని. పదిహేను కిలోల ఖాళీ నూనె డబ్బా ఒకటి తీసుకొని, పైమూత కోసి, లోపల ఒక పక్కన 40 వాట్ల ఫిలమెంట్ బల్బు బిగించండి. ఎల్‌ఈడీ పనికిరాదు, దానికి వేడి చాలదు. కోళ్ల ఫారాలకు సామాన్లు అమ్మే అంగళ్లలో ఫిలమెంట్ బల్బులు అడిగి చూడండి. హెడ్లు డబ్బాలో, షాఫ్టులు బయటికి. బల్బుకూ హెడ్లకూ మధ్య 10 సెం.మీ. ఎడం. థర్మామీటర్ మొనను ఒక హోసెల్‌కు టేపుతో అంటించి, పైన రేకు మూతను జరుపుతూ 55, 60 డిగ్రీల మధ్య నిలపండి. మూడు నాలుగు గంటలు ఉంచి, బల్బు ఆర్పి, డబ్బాలోనే చల్లారనివ్వాలి. 25 డిగ్రీల్లోనే పట్టి ఆగిపోయిన గొలుసులు ఈ వేడికి మళ్లీ కదిలి కలుసుకుంటాయి, టీజీ పైకి జరుగుతుంది. ఎంత జరుగుతుందనేది ఎపాక్సీ రసాయనాన్ని బట్టి ఉంటుంది, కానీ డిక్కీ వేడిని అది మొదటిసారి చూసేది మీ బ్యాగులో కాకూడదు. మేలో బల్బు కూడా అక్కర్లేదు. మిద్దె మీద ఎండలో కాగిన కడప బండ మీద హెడ్లు పెట్టి నల్లగుడ్డ కప్పితే చాలు. థర్మామీటర్ మాత్రం తప్పనిసరి, 65 దాటితే నీడకు జరపండి.

డిసెంబరు, జనవరి రాత్రులు అనంతపురంలో 16, 17 డిగ్రీలకు దిగుతాయి. అప్పుడు 24 గంటలు చాలవు, రెండు రోజులు నీడలో ఉంచాకే బల్బు డబ్బా పని. చలిలో రెసిన్ ట్యూబులో పాలరంగు తిరిగి గింజలు కట్టొచ్చు. పాడైందని పారేయొద్దు, మూత బిగించి 50 డిగ్రీల వేడినీళ్లలో నిలబెడితే మళ్లీ తేటపడుతుంది. చల్లారాకే వాడాలి. వానాకాలంలో, ముఖ్యంగా తేమ ఎక్కువగా ఉన్న రోజుల్లో, పట్టిన ఎపాక్సీ పైన మైనంలాంటి జిడ్డు పొర తేలుతుంది. హార్డెనర్‌లోని అమీన్ గాలిలోని తేమతో, కార్బన్ డయాక్సైడ్‌తో కలవడం వల్ల వచ్చేది అది. అతుకు లోపల దాని ప్రభావం లేదు, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.

బరువు గురించి ఒక్క మాట. హెడ్ దగ్గర 2 గ్రాములు పెరిగితే స్వింగ్ వెయిట్ (ఊపేటప్పుడు హెడ్ ఎంత బరువుగా తోస్తుందో చెప్పే కొలత) ఒక అంకె మారుతుంది, డీ2 ఉన్నది డీ3 అవుతుంది. ఒక ఐరన్‌కు అర గ్రాము, పక్కదానికి రెండున్నర గ్రాములు పోస్తే సెట్టులో తేడా చేతికి తెలుస్తుంది. లోపల ముక్క గలగలలాడుతుంటే షాఫ్ట్ మొదలు నుంచి కొంచెం ఎపాక్సీ జారవిడిచి, హెడ్ కిందికి పెట్టి ఆరనిస్తే ముక్క అడుగున అతుక్కుపోతుంది. దాని బరువూ లెక్కలోకి తీసుకోవాలి.

చేతులకు నైట్రైల్ గ్లవుజులు వేసుకోండి. హార్డెనర్ చర్మానికి పదేపదే తగిలితే ఒకనాటికి దురద, పొక్కులు మొదలవుతాయి, ఆ తర్వాత జీవితాంతం దాని దగ్గరికి పోలేని పరిస్థితి రావచ్చు. అంటితే అసిటోన్‌తో తుడుచుకోవద్దు, అది చర్మం లోపలికి ఇంకా తోస్తుంది. సబ్బు నీళ్లే సరి. ట్యూబులు ఇంట్లో చల్లటి గదిలో ఉంచండి, షెడ్డులో వద్దు. రెసిన్ మూత హార్డెనర్‌కు, హార్డెనర్ మూత రెసిన్‌కు ఒక్కసారి మారితే మర్నాడు రెండు ట్యూబులూ తెరుచుకోవు. అందుకే ఒకదాని మూతకు ఎర్ర టేపు చుట్టి పెట్టుకోండి.